చీమలెక్కిన గోడ

శవం మీద ఒక్క చీమ లేదు.

1954 మే రెండో తేదీ, ఆదివారం, పొద్దున తొమ్మిదీ ఇరవైకి ఏడు కమాన్ల దేవిడీ భవంతి హాల్లో అడుగుపెట్టిన సబ్ ఇన్‌స్పెక్టర్ రామచందర్ ఆ సంగతి చూశాడు. చూశాడు గానీ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఎండలో అంత తిరుగుడు ఆయనకు తప్పేది. ఈ కథ చెప్పే పని మనకూ తప్పేది.

నేల మీద పద్దెనిమిది అడుగుల టేకు దూలం. దాని కింద మేస్త్రీ సాయన్న. అరవై ఏళ్ల మనిషి. పక్కన రెండు ముక్కలైన నిచ్చెన. కుడిచేతి వేళ్లు ఇంకా రాగి ముంతను వదల్లేదు. ముంతలో నీళ్లు ఒలికి, నెత్తుటితో కలిసి, గచ్చు మీద గుమ్మం దాకా పారి అక్కడ ఆగాయి.

పైన దూలం కొన ఉండాల్సిన చోట, గోడలో నల్లటి బొక్క. అందులోంచి సున్నపు పొడి ఇంకా సన్నగా రాలుతోంది. మిగిలిన నాలుగు దూలాలు ఉండుండి కిర్రుమంటున్నాయి. పంచనామా రాసే జవాను ప్రతి కిర్రుకూ ఒక అడుగు గుమ్మం వైపు జరుగుతున్నాడు.

"ఎన్నింటికి పడ్డది?"

"ఏడుకు అయిదు నిమిషాలు తక్కువ." చెప్పింది విద్యావతి. ఆ దేవిడీలో నడిచే ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ. పక్క గదిలోనే కాపురం. "స్టవ్ మీద చాయ్ పెట్టిన. భూమి అదిరింది. ఉరికొచ్చేసరికి అయిపోయింది."

నాంపల్లి స్టేషన్‌కూ అబిడ్స్‌కూ నడుమ ఆ దేవిడీ నూటపాతికేళ్లుగా నిలబడి ఉంది. దాని గోడల గట్టితనం గురించి జనం చెప్పుకునేది వింటే నవ్వొస్తుంది. అయినా వినండి. వెనకటికి ఒక దొంగ ఆ గోడకు కన్నం వెయ్యబోతే మూడు రాత్రులకు గడ్డపార వంగి కొడవలైందట. వాడు ఆ కొడవలి భుజాన వేసుకుని ఊరికి పోయి, వరి కోసుకు బతికి, పిల్లను చేసుకుని, మర్యాదస్తుడిగా చచ్చిపోయాడట. అలాంటి గోడ తనకు తానుగా దూలాన్ని జారవిడిచిందంటే రామచందర్‌కు మనసొప్పలేదు.

దేవిడీ యజమాని బాలకిషన్ వరండాలో బెంచీ మీద కూలబడి ఉన్నాడు. తరాల నాటి షహరు మనిషి. షేర్వానీ గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు.

"ముందు భాగం బాగుచేసి బడికే కిరాయికి ఇద్దామనుకున్న అమీన్ సాబ్. వెనక తోటల మూడంతస్తుల లాడ్జి. పాతది బతకాలె, కొత్తది లెవ్వాలె. మునిసిపాలిటీ ఒప్పుకున్నది. ఒక్కటే షరతు పెట్టిన్రు."

"ఏంది?"

"ముందు భాగంల ఏ మూల కూలినా మొత్తం కూలగొట్టాలె."

ఆ కాగితం మునిసిపల్ ఓవర్‌సీర్ ఇంద్రసేన సంచిలో ఉంది. సన్నటి మనిషి. సంచిని పిల్లిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"నాలుగింటికి నా రిపోర్టు పోవాలె. కూలింది అని రాస్తే రేపు ఎనిమిదింటికి గడ్డపారలొస్తయి."

"రాయకుంటే?"

"మనిషి చచ్చిండు కద సాబ్. ఎట్ల రాయకుండ ఉంటను?"

విద్యావతి ఒక అడుగు ముందుకొచ్చింది. "జూన్‌ల నూటపన్నెండు మంది పిల్లలొస్తరు. అబిడ్స్ అంతా తిరిగిన. దుకాణానికి ఇస్తం, ఆఫీసుకు ఇస్తం, ఆడపిల్లల బడికి మాత్రం ఇయ్యం అన్నరు. ఈ గోడలు పోతే బడి పోయినట్టే."

రామచందర్ గడియారం చూశాడు. పదీ పది.

వెనక తోటలో లాడ్జి పునాదుల దగ్గర కాంట్రాక్టర్ శ్రీపతి నిలబడి ఉన్నాడు. బొంబాయిలో కాంక్రీటు పని నేర్చి వచ్చినవాడు. ఇస్త్రీ మడత చెడని ప్యాంటు. కుడిచేతికి చదరపు పచ్చరాయి ఉంగరం. మాట్లాడుతున్నంతసేపూ దాని రాయిని అరచేతి వైపుకూ పైకీ తిప్పుతూనే ఉన్నాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నరు?"

"గీడనే. ఆరింటికి పనోళ్లు పోయిన్రు. నేను పోయిన."

"హాల్లకు పోలే?"

"నాకేం పని గాడ? సున్నం పని సాయన్నది. సిమెంటు పని నాది."

"దూలం ఎందుకు పడ్డదంటరు?"

"ముసలి గోడ, ముసలి దూలం, ముసలి మేస్త్రీ. ఇంకేం గావాలె సాబ్?"

"ముందు భాగం కూలగొడితే మీకేమొస్తది?"

"లాడ్జి రోడ్డు మీదికొస్తది. కింద దుకాణాలు పడతయి. నాకొక్కనికేనా? బాలకిషన్ సేఠ్‌కు రాదా?"

అదీ నిజమే. రామచందర్ మళ్లీ హాల్లోకి వచ్చి దూలం కొనలు రెండూ లాఠీతో తట్టాడు. కంచులా మోగాయి. చెద లేదు. పగులు లేదు. దూలం తప్పు చెయ్యలేదు. మరి దాన్ని మోసే గోడ? వరండా వైపు నుంచి చూస్తే గోడ చెక్కుచెదరకుండా, తెల్లగా, పెళ్లివారి ఇల్లులా ఉంది.

పదకొండింటికి శవాన్ని దవాఖానకు పంపారు. సాయన్న భార్య జంగమ్మ గేటు బయట కూర్చుని ఉంది. ఏడవలేదు. బండి వెనక వెళ్లలేదు.

"పోలేదేం అవ్వా?" అన్నాడు రామచందర్.

"గాయన పనితనం మంచిగ లేక కూలిందంటున్నరు సారు. గా మాట తేలినంక పోత."

"అమావాస్యనాడు పనికెందుకొచ్చిండు?"

"పనికి రాలె. అమావాస్యనాడు తాపీ ముట్టడు. తాపీకి బొట్టు పెట్టి ఇంట్ల పెట్టిండు. నీళ్లు కొట్టనీకి వచ్చిండు."

"హాల్ల పూత అయి ఎన్ని దినాలైంది?"

"పద్దెనిమిది."

"ఇంకా నీళ్లెందుకు?"

జంగమ్మ ఆయన్ని బడికి పోని పిల్లవాణ్ని చూసినట్టు చూసింది. "గానుగల నూరిన డంగు సున్నం బాలింతసొంటిది సారు. ఇరవై ఒక్క దినాలు కండ్లల్ల పెట్టుకొని చూడాలె."

మధ్యాహ్నం ఒకటిన్నర. వడగాలి. జనం లేని హాల్లో దూలాలు కిర్రుమనడం గేటు దాకా వినిపిస్తోంది. రామచందర్ అలసిపోయి వరండా గోడకు వీపు ఆనించాడు.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆరడుగుల మనిషి. ఆ మీసం చూస్తే దొంగలు తామే బేడీలు అడిగి తొడుక్కుంటారని ఠాణాలో చెప్పుకునేవారు. అంతటివాడికీ చీమంటే హడలు. మెడ మీద ఒక్క ఎర్రచీమ కుట్టేసరికి గజమెత్తు ఎగిరాడు. ఆ ఎగరడంలో టోపీ పోయి తోటలో పడిందంటారు. నేను చూడలేదు.

మెడ రుద్దుకుంటూ వెనక్కి తిరిగాడు.

చీమలబారు. తోటలోంచి వచ్చి, హాలు గుమ్మం పక్కనుంచే పోతోంది. గుమ్మం దగ్గర నెత్తురు ఉంది. చీమలు దాని వైపు తిరగలేదు. నేరుగా వరండా గోడ ఎక్కుతున్నాయి. అయిదడుగులు. పది. పదకొండడుగుల ఎత్తున, చదునైన తెల్లటి గోడ మీద, జానెడు మేర గుంపు కట్టి ఉన్నాయి.

గోడకు అటుపక్క, సరిగ్గా అదే ఎత్తున, దూలం జారిన బొక్క.

రామచందర్ బల్ల మీద బల్ల వేయించి ఎక్కాడు. లాఠీ కొనతో చీమల్ని తప్పించి గోడను ముట్టుకున్నాడు. చుట్టూ గోడ ఎండకు కాలుతోంది. ఆ జానెడు చోటు మాత్రం శవంలా చల్లగా, తడిగా ఉంది. దగ్గరికి వంగి ఇంకేదో చూశాడు. దిగి వచ్చి జంగమ్మను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఏమడిగాడో ఇప్పుడే చెబితే నా పెద్దరికం ఏముంటుంది?

మూడూ నలభై. వరండాలో అందరూ నిలబడ్డారు. ఇంద్రసేన చేతిలో కలం, మోకాలి మీద రిపోర్టు.

"ముగ్గురిని ఒకటే అడుగుత," అన్నాడు రామచందర్. "సాయన్న సున్నంల ఏమేం కలిపేటోడు? బాలకిషన్ గారూ?"

"బెల్లం, కరక్కాయ. మా ముత్తాత ఈ దేవిడీ కట్టిన్నాడు బెల్లం బండ్లు స్టేషన్ దాకా బారు కట్టినయని మా నానమ్మ చెప్పేది. స్టేషన్ అప్పటికి లేదు, అది వేరే మాట."

"ఓవర్‌సీర్ గారూ?"

"బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు. ఖర్చు లెక్కల చూసిన."

"శ్రీపతి గారూ?"

"ఇదేం పరీక్ష సాబ్? సున్నం, ఇసుక, నీళ్లు. ఇంకేముంటది?"

"మీకు బెల్లం సంగతి తెల్వదు."

"తెల్వకుంటే నేరమా?"

"కాదు. గానీ మిమ్మల్ని పట్టిచ్చింది గదే." రామచందర్ లాఠీ పైకెత్తి చూపించాడు. "చీమలు నెత్తురు దాటుకొని గోడెక్కినయి. శవం మీద ఒక్క చీమ లేదని పొద్దున్నే చూసిన, మతికి రాలె. తాజా బెల్లం ఉండంగ నెత్తురు వాటికెందుకు? హాల్ల పూత పద్దెనిమిది దినాల కిందిది. ఎండిన సున్నానికి చీమ రాదు. అవ్వను అడిగి తెలుసుకున్న. మరి గాడ పచ్చి సున్నం ఎట్లొచ్చింది?"

లోపల దూలం ఒకటి కిర్రుమంది.

"దూలం కొన కింద రాతిపలక ఉంటది. బరువంతా దాని మీదనే. నిన్న అందరు పోయినంక, వరండా వైపు నుంచి గోడ తొలిచి ఎవరో ఆ పలక గుంజిన్రు. తెల్లారేసరికి నలిగిపోయే చిన్న కట్టె చెక్క మీద దూలాన్ని నిలబెట్టిన్రు. బొక్క మూసిన్రు. సిమెంటుతో మూస్తె బూడిదరంగు తెలిసిపోతది. తెలివిగలోడు, సాయన్న తొట్టిలున్న సున్నమే తీసుకున్నడు. అండ్ల బెల్లమున్నదని తెల్వదు."

"రుజువేంది?" అన్నాడు శ్రీపతి.

రామచందర్ సైగ చేశాడు. జవాను బల్ల ఎక్కి తడి పూతను అంచున తవ్వాడు. తొలిచిన బొక్కకు అడ్డంగా పేర్చిన, లాడ్జి కోసం తెచ్చిన కొత్త ఇటుకలు బయటపడ్డాయి.

"తాపీలు సాయన్న, మీ పనోళ్లు ఇంటికి తీస్కపోయిన్రు. అందుకని అరచేత్తో మెత్తిన్రు. సిమెంటయితే రాత్రికే బిగుసుకొనేది. ఇది ఇంకా పచ్చిగనే ఉన్నది. చేతి అచ్చు ఉన్నది. చదరపు ఉంగరం అచ్చు కూడ ఉన్నది." శ్రీపతి వైపు తిరిగాడు. "ఆ చెయ్యి జేబుల నుంచి తియ్యుండ్రి, శ్రీపతి గారూ."

శ్రీపతి తియ్యలేదు. గోడను ఆనుకోబోయి, ఆ గోడే అని గుర్తొచ్చినట్టు, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

"చంపాలని కాదు," అన్నాడు చివరికి. "అమావాస్య. మేస్త్రీలు రారని తెలుసు. పూతకు ఏడు దినాలు నీళ్లు కొడితే చాలు కద, పద్దెనిమిది దాటినయి. ఖాళీ హాల్ల దూలం పడతది, కూలిందని రాస్తరు, అంతే అనుకున్న. నీళ్లు కొడతడని నాకెట్ల తెలుస్తది?"

"సిమెంటుకు ఏడు దినాలు. ఇది సిమెంటు కాదు."

ఖాళీ హాల్లోకి ముసలాయన వచ్చాడు. పైన తడపడానికి నిచ్చెనను దూలానికి ఆనించాడు. చెక్క జారింది. అంతే.

జవాను బేడీలు వేసి శ్రీపతిని తీసుకుపోయాడు. గేటు దగ్గర జంగమ్మ పక్కనుంచే పోవాల్సి వచ్చింది. ఆమె కాళ్లు కూడా ముడుచుకోలేదు. అతనే చుట్టూ తిరిగి పోయాడు.

ఇంద్రసేన కలం తీశాడు. "గోడ కూలలేదు, కూలగొట్టిన్రు అని రాస్త. షరతు పట్టదు." రెండు వాక్యాలు రాసి ఆగిపోయాడు. "గానీ జూన్‌కు బాగు కాకుంటే మళ్ల నోటీసొస్తది. డంగు సున్నం కలిపే చెయ్యి పోయింది. ఈ పట్నంల ఇంకెవరున్నరు?"

"కలిపింది ఎవరనుకున్నవ్ బిడ్డా?"

జంగమ్మ లేచి వరండాలోకి వచ్చింది.

"ముప్పై ఏండ్లు గానుగ తిప్పింది నేను. బెల్లం పాకం నేను. కరక్కాయ నాన్నేసింది నేను. గాయన పూసిండు. పూసెటోళ్లు దొరుకుతరు."

విద్యావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "కలుపు అవ్వా. గానీ ఆ దూలం మాత్రం వద్దు. కట్టెల అడితికి పంపిస్తం. కొత్తది తెప్పిస్తం. పిల్లలు దాని కింద కూసొని చదవాలె అంటే నా పాణం ఒప్పుతలేదు."

బాలకిషన్ తల ఊపాడు. రామచందర్ కూడా మంచిదే అనుకున్నాడు.

జంగమ్మ ఒక్కతే హాల్లోకి నడిచింది. దూలం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. నెత్తురు ఎండి నల్లబడిన చోట అరచెయ్యి పెట్టి, అక్కడి నుంచి కొన దాకా మెల్లగా తడుముకుంటూ పోయింది. పైన నాలుగు దూలాలు కిర్రుమన్నాయి. ఆమె తల ఎత్తి చూడలేదు.

"కొత్త కట్టె ఆరనీకి ఏడాది పడతది," అంది. "జూన్‌కు బడి ఉండదు. దీన్నే ఎక్కియ్యుండ్రి. కింద రాయి నేను చూసి పెట్టిస్త."

"ఇది నీ పెనిమిటిని చంపిన దూలం అవ్వా," అన్నాడు ఇంద్రసేన.

"దూలం చంపలే బిడ్డా. పనికొస్తదని కాయితంల రాయి."

నాలుగు కొట్టడానికి రెండు నిమిషాలు ఉంది. ఇంద్రసేన రాశాడు. ఆ ఒక్క మాట రెండుసార్లు దిద్దాడు.

జంగమ్మ కొంగు దులుపుకుని లేచింది. రామచందర్ తోడు వస్తానన్నా వద్దంది. దవాఖానకు అడ్డదారి ఎటో అడిగి, గన్‌ఫౌండ్రీ వైపు ఎండలో నడుచుకుంటూ పోయింది.