కత్తెర పడని పందిరి

"అయ్యో... అయ్యో! నా పందిరి! ఎవరు చేసేరీ పాపం?"

వాడపల్లి వెంకన్న దర్శనం చేసుకుని రాజేశ్వరమ్మ ఇంటికొచ్చేసరికి పెరట్లో ఆకాశం కనిపిస్తోంది! పదకొండేళ్ళుగా ఆ పెరట్లో ఆకాశమన్నది లేదు. నాసిక్ వైపు వైను ద్రాక్షతోటల్లో మేస్త్రీగా చేసిన ఆవిడ భర్త కుమారస్వామి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటిన నల్ల ద్రాక్ష తీగ అది. షిరాజ్ అని దాని పేరు. ఆయన పోయి రెండేళ్ళు... మధ్యాహ్నం ఆ పచ్చటి నీడలో నడుం వాలిస్తే, పక్కనే కూర్చుని ఆయన విసురుతున్నట్టుండేది. ఒక్క గుత్తి కాయకపోయినా ఎవరినీ ఆకు తుంచనిచ్చేది కాదు. ఇప్పుడన్నీ మోడు కొమ్మలే! వాటి కింద కత్తెరతో కోడలు సత్యదుర్గ!

"ఆకులకా వదినా ఏడుపు? దొండపాదైతే కూరకైనా వచ్చేది!" అంది గోడ మీంచి పొరుగింటి లోవమ్మ.

"నువ్వూరుకో! ఏమ్మా దుర్గా... ఆయనెలాగూ వెళ్ళిపోయేరు, ఇదైనా మిగిలిందనుకున్నానే! ఇక ఈ గుమ్మంలో నువ్వైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

సత్యదుర్గ కత్తెర అరుగు మీద పెట్టి, లోపలికెళ్ళి సంచిలో రెండు చీరలు సర్దుకుంది.

రాజేశ్వరమ్మ పందిరి కింద కూలబడింది. చెంప మీద చల్లగా ఏదో పడింది. తలెత్తితే... కోసిన ప్రతి కొమ్మ చివరా ఒక్కో నీటిచుక్క! నిండుతోంది, జారుతోంది, మళ్ళీ నిండుతోంది. వాలుటెండలో వందల చుక్కలు... కలో నిజమో తెలియలేదు.

"తీగ ఏడుస్తోందే!"

గుమ్మంలో సంచితో ఆగిపోయింది సత్యదుర్గ. "ఏడుపు కాదండి అత్తయ్యగారూ... వేరు నీళ్ళు తోడుతోందండి. మావయ్యగారు చెప్పేరు. పాత కొమ్మకి కాయదంటండి, కోస్తే వచ్చే కొత్త చిగురుకే గుత్తంట. దసరా వెళ్ళేక కొయ్యాలని, ఎన్ని కణుపులు వదలాలో కూడా చూపించేరండి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"పచ్చటి తీగ మీద కత్తెర పడితే మీరు తట్టుకోలేరని... 'నాసిక్ వైపు ఎవరెవరి తోటలో కోసేను గానీ, మీ అత్తయ్య ఎదట చెయ్యి రాలేదమ్మా. నేను పోయేక నువ్వు కొయ్యి. తిట్లు మాత్రం తప్పవు' అన్నారండి. ధైర్యం చాలక నిరుడు ఊరుకున్నాను."

తొమ్మిదేళ్ళు! చేతిలో విద్య ఉండీ, తన కన్నీటికి జడిసి, ఆ కాయని పందిరి కింద నవ్వుతూ కూర్చున్నారాయన... తన తీగ పండు ఒక్కటైనా నోట పెట్టుకోకుండానే వెళ్ళిపోయేరు!

రాజేశ్వరమ్మ లేచి వెళ్ళి కోడలి చేతిలో సంచి లాక్కుంది. "ఇంత మాట కడుపులో పెట్టుకుని... నాచేత తిట్లు తింటావుటే తల్లీ!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చేరు. తరవాత కళ్ళు తుడుచుకుని పందిరికేసి చూసింది రాజేశ్వరమ్మ. "ఆ మూల కొమ్మ వదిలేసేవేం?"

"అది మావయ్యగారు కట్టిన తాడుతోనే ఉందండి... నాకూ చెయ్యి రాలేదు."

రాజేశ్వరమ్మ అరుగు మీది కత్తెర తీసుకుంది.

"ఎక్కడ కొయ్యాలో చూపించు."

"ఆరో కణుపు దాటేకండి... అయ్యో, కళ్ళు మూసుకోకండీ, వేలు తెగుతుంది!"

రాజేశ్వరమ్మ కళ్ళు తెరిచింది... కోసింది.