నాలుగో టేపులో ఖాళీలు

పాత పాటల్ని కాపాడే ఉద్యోగం అని చెప్తే జనం నాకు దణ్ణం పెట్టినంత పని చేస్తారు. ఎంత గొప్ప సంపదమ్మా, ఎంత అదృష్టమమ్మా మీది అంటారు. నిజానికి నేను చేసేది సంగీత గ్రంథాలయం కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని, అతుక్కుపోయిన టేపుల్ని వెచ్చబెట్టి, తుడిచి, తిప్పి, కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మెడ పట్టేసింది. చెవుల్లో ఎప్పుడూ ఓ సన్నటి హోరు. ఇంటికెళ్ళాక మా ఆయన టీవీ పెడితే గొడవ, కట్టేస్తే ఆ నిశ్శబ్దంతో గొడవ.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి లైబ్రేరియన్ గారు మెట్లు దిగి వచ్చారు. ఆయన కిందికి దిగారంటే నా నెత్తిన ఏదో పెట్టడానికే.

“మేడమ్, సోమవారం సభకి ఆ పాట కావాలి. ఆఖరి చరణంతో సహా.”

“నాలుగో టేపు ఇంకా వెచ్చబడుతోందండీ.”

“ఇవాళే కానిచ్చేయండి. పిల్లలు నేర్చుకోవాలి కదా. మనుషులు పోయినా పాట పోకూడదు.”

“ఈ పనితో నేను పోయేట్టే ఉన్నాను లెండి.”

ఆయన నవ్వారు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

“ఇంకో మాట. మధ్యలో ఖాళీలు తీసేయండి. వినేవాళ్ళు అంతసేపు కూర్చోరు,” అని చెప్పి ఆయన పైకి వెళ్ళిపోయారు.

ఆ పాట సంగతి చెప్పాలి. పల్లవీ, రెండు చరణాలూ సంగీతం తెలిసిన వాళ్ళందరూ వినే ఉంటారు. మూడో చరణం మాత్రం ఎవరూ వినలేదు. అది ఒక్క టీచరమ్మ గారి దగ్గరే ఉండేది. ఆవిడ దాన్ని ఏ కచేరీలోనూ పాడలేదు, ఎవరికీ రాసివ్వలేదు. తగిన గొంతు దొరికితే నేర్పుతాను, లేకపోతే నాతోనే పోతుంది అనేవారు. అలా ఆవిడకి దొరికిన గొంతు మా అక్కది.

అక్కకి పదహారు, నాకు తొమ్మిది. రోజూ పొద్దున్నే ఇద్దరం ఆవిడింటికి వెళ్ళేవాళ్ళం. టీచరమ్మ గారు ఒక వాక్యం పాడేవారు. అక్క దాన్ని తిరిగి పాడాలి. సరిగ్గా వస్తే తరువాతి వాక్యం, లేకపోతే “తప్పు, మళ్ళీ.” ఒక్కో వాక్యం మీద నాలుగేసి రోజులు కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. నా పని వెనకాల కూర్చుని తంబురా మీటడం. మొదటిరోజు అక్కతో పాటు నేనూ నోరు తెరిచాను. ఆవిడ అరచేత్తో నా నోరు మూసి, “నువ్వొద్దు పిచ్చుకా, శ్రుతి వెయ్యి చాలు,” అన్నారు. అదీ సరిగ్గా వచ్చేది కాదు. రెండో తీగ దగ్గర నా చూపుడు వేలు కాస్త ఆలస్యమయ్యేది. “నీ శ్రుతి కుంటుతోందే,” అని విసుక్కునేవారు.

రాత్రిళ్ళు ఇద్దరిదీ ఒకే మంచం. అక్క నిద్రలో కూడా నా వీపు మీద చేత్తో తాళం వేసేది. ఆ దెబ్బలు లెక్కపెట్టుకుంటూ నేను నిద్రపోయేదాన్ని.

మూడో చరణం మొదలు కాకముందే అక్కకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులే. ఐదో రోజు అక్క లేదు. నేను మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. వంటింట్లో కూనిరాగం కూడా తీయలేదు. టీచరమ్మ గారంటే నాకు జీవితమంతా కోపమే. ఆవిడ ఒక్కసారి కబురు పెట్టి “నువ్వు పాడవే, విందాం,” అని ఉంటే పరిగెత్తుకు వెళ్ళి ఉండేదాన్నన్నది కూడా నిజమే.

ముప్ఫై ఏడేళ్ళ తరువాత, కిందటి నెలలో, కాలం చేసిన ఆవిడ ఇల్లు మనవడు ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి గ్రంథాలయానికిచ్చాడు. అందులో నాలుగు టేపులు. ప్రతిదాని మీదా ఆవిడ చేతిరాత. ‘పాఠం. పెద్దమ్మాయికి.’ కింద తేదీ. ఆ తేదీ అక్క పోయిన ఏడు నెలలకి.

మొదటి మూడు టేపుల్లో ఆవిడ ఒక వాక్యం పాడి ఆగుతారు. అంతే నిడివి ఖాళీ. అందులో తంబురా తప్ప ఏమీ లేదు. తరువాత ఆవిడ గొంతు. “తేలిపోయింది. మళ్ళీ.” లేదా “ఆ గమకం అలా విదిలించకు.” ఎదురుగా లేని పిల్లని సరిదిద్దుతున్నారు. దుఃఖంతో పెద్దావిడకి మతి చలించిందనుకుని రెండో టేపు దగ్గర ఏడ్చాను. ముక్కు తుడుచుకుని పని కానిచ్చాను. ఆ శుక్రవారం లైబ్రేరియన్ గారు చెప్పి వెళ్ళాక ఆ మూడింట్లో ఖాళీలన్నీ కత్తిరించేశాను. జీతం దానికే కదా.

నాలుగున్నరకి నాలుగో టేపు తీశాను. పాత అలమరా తలుపు తెరిచినట్టు వాసన. చక్రానికి ఎక్కిస్తుంటేనే వేళ్ళకి గోధుమరంగు పొడి అంటుకుంది. ఆ పొడే పాట. ఇలాంటి టేపు ఒక్కసారే పలుకుతుంది. పలికిన మేరకు రాలిపోతుంది. మధ్యలో ఆపితే అక్కడే అతుక్కుని తెగుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవులు నొప్పి, అందుకని స్పీకర్లోకి పెట్టాను. ఆ గదిలో మైకు లేదు. అది గుర్తుపెట్టుకోండి. టేపులో ఉన్నది కంప్యూటర్లోకి పోతుంది, అంతే.

టీచరమ్మ గారు రెండో చరణం ఆఖరి వాక్యానికి వచ్చారు.

“ఎవరిని పిలిచినా నీవే పలికేవు...”

ఖాళీ. తంబురా.

“తప్పు. మళ్ళీ.”

మళ్ళీ అదే వాక్యం. మళ్ళీ ఖాళీ. “తప్పు.” అలా తొమ్మిదిసార్లు. ఎడమ చక్రం మీద టేపు పలచబడిపోతోంది. నాకు కంగారు పుట్టింది. ఈ వాక్యం కుదిరేదాకా ఆవిడ ముందుకి కదలరు. మూడో చరణం ఇంకా మొదలే కాలేదు, టేపు చూస్తే ఎనిమిది నిమిషాలకి మించి లేదు.

ఖాళీలో ఏమన్నా ఉందేమోనని శబ్దం పెంచాను. తంబురా గదంతా నిండింది. ఒకటో తీగ... రెండో తీగ... మూడు, నాలుగు. ఒకటి... రెండు...

రెండోది ఆలస్యంగా పడుతోంది.

ప్రతిసారీ. ఒకే కొలతతో ఆలస్యం.

నా కుడిచెయ్యి బల్ల మీద ఉంది. చూపుడు వేలు తనంతట తనే కదులుతోంది... ఆ ఆలస్యంతో సరిగ్గా కలిసి. ఆ తేదీకి నేను ఆ ఇంటికి వెళ్ళడం మానేసి ఏడు నెలలు. మరి మీటుతున్నదెవరు?

ఇంకాస్త పెంచాను. ఈసారి ఖాళీ మొదట్లో ఒక ఊపిరి వినిపించింది. పాడబోయే ముందు ఆడపిల్ల తీసుకునే ఊపిరి. తరువాత పాట రాలేదు. ఆ ఊపిరే వణుకుతూ కిందికి దిగింది.

“అలిసిపోయావా?” అన్నారు టీచరమ్మ గారు. “అలిసిపోతే ఎలా? వచ్చేదాకా లేచేది లేదు. మళ్ళీ.”

అక్క... ముప్ఫై ఏడేళ్ళుగా అదే వాక్యం మీద కూర్చుని ఉంది.

ఐదు నిమిషాల టేపు మిగిలింది. ఇక్కడే అయిపోతే చరణమూ పోతుంది, అక్కా ఆ వాక్యం దగ్గరే ఉండిపోతుంది. లేచి పారిపోవాలనిపించింది. ఏడుపు కూడా వస్తోంది. ఆ వాక్యం నాకు వచ్చు. వెనకాల కూర్చుని రెండేళ్ళు విన్న ప్రతి వాక్యమూ నాకు వచ్చు.

“ఎవరిని పిలిచినా నీవే పలికేవు...”

ఖాళీ.

నేను నోరు తెరిచి పాడాను.

నలభై ఆరేళ్ళదాన్ని, ఎప్పుడూ పాడనిదాన్ని, గొంతు బొంగురుగా వస్తుందనుకున్నాను. సన్నగా, తేటగా వచ్చింది. గమకం దాని చోట అది కూర్చుంది.

ఆవిడ “తప్పు” అనలేదు.

తంబురా ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు.

“ఎవరదీ?”

నేను స్పీకరు వైపు చూశాను.

“పిచ్చుకా?”

ఈసారి గొంతు చాలా దగ్గర్నుంచి వినిపించింది. “ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఇది?”

ఎలా చెప్పను... భయం ఒక్క క్షణం ఎటు పోయిందో పోయింది. ఆ మాట కోసం నేను జీవితమంతా ఎదురుచూశాను. కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా కారుతుంటే ఆవిడ మూడో చరణం అందుకున్నారు. తొందర లేకుండా, ఒక్కో మాటనీ పైకి తీసుకెళ్ళి, అక్కడ కాసేపు నిలిపి, నెమ్మదిగా దించుతూ పాడారు. మూడు నిమిషాలు. పాట ఉన్నంతసేపూ నేను కదల్లేదు. ఇంత అందమైనదాన్ని ఆవిడ ఎందుకంత బిగించి పట్టుకున్నారో కూడా కొంచెం అర్థమైంది.

టేపు చివరి చుట్లలో ఆవిడ గొంతు మళ్ళీ మామూలు మాటలోకి వచ్చింది.

“అక్కని ఇంటికి వెళ్ళమను. పాపం, బాగా అలిసిపోయింది.”

చిన్న దగ్గు.

“నువ్వు కూర్చో.”

టేపు కొస ఊడి, తిరుగుతున్న చక్రం మీద టప్... టప్... అని కొట్టుకుంది.

నా వెనకాల తలుపు తెరుచుకుంది. నేను తిరగలేదు. తిరగలేకపోయాను. ఎవరో మెట్లెక్కి పైకి వెళ్తున్నారు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ, కాళ్ళీడ్చుకుంటూ. ఎవరూ కిందికి దిగలేదు, పైకి మాత్రం వెళ్తున్నారు. ఆ అడుగులు వినిపించినంతసేపూ విన్నాను. తరువాత పైన వీధి తలుపు మూసుకుంది.

అప్పుడు తిరిగి చూశాను. కొక్కేనికి నా సంచీ లేదు. గోడవార విప్పిన చెప్పులు లేవు. ఇంటి తాళంచెవి ఆ సంచీలోనే ఉంది.

లేవబోయాను. కుర్చీలోంచి కాళ్ళు కిందికి పెట్టాను.

కాళ్ళు నేలకి అందలేదు.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. గోడ గడియారంలో ఆరూ పది. మా ఇల్లు ఇక్కడికి పావుగంట నడక. బల్ల మీది ఫోను రెండు చేతులతో దగ్గరికి లాక్కుని ఇంటికి చేశాను. నాలుగు రింగుల తరువాత మా ఆయన ఎత్తారు.

“హలో... ఎవరండీ?” గుసగుసగా ఉంది గొంతు. మా ఇంట్లో అంత మెల్లిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ ఎరగరు.

“నేనండీ.”

“ఎవరు పాపా? ఎవరు కావాలి?”

“నేను... నేనేనండీ. నేనింకా ఆఫీసులోనే ఉన్నాను...”

“మా ఆవిడ కావాలా తల్లీ? ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా పడుకుంది. ఎన్నాళ్ళ నుంచో కన్ను మూయనట్టు నిద్రపోతోంది. లేపలేను. సోమవారం చెయ్యి, సరేనా?”

“ఆవిడ...” నా గొంతు నాకే వినబడింది. సన్నగా, తేటగా. “ఆవిడ బాగానే ఉందా?”

ఫోను అవతల గదిలోంచి మెత్తగా, ఆగి ఆగి, ఏదో చప్పుడు.

“బాగానే ఉందిలే,” అన్నారు ఆయన. తరువాత నాతో కాకుండా తనలో తను అనుకున్నట్టు అన్నారు. “ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదు. నిద్రలో చేత్తో మంచం మీద తాళం వేస్తోంది.”