పొగగొట్టం కనిపించినంత దూరం

పొద్దుటి ఫలహారాల వేళ ఓడలో భోజనశాల కిటకిటలాడుతోంది. ఇక్కడి తినుబండారాలు బయటికి తీసుకువెళ్ళరాదని గోడమీద నాలుగు భాషల్లో రాసిపెట్టారు. సరిగ్గా ఆ రాతల కిందే కూర్చుని, రాగ్న బల్లచాటున రొట్టెలమధ్య బ్రౌన్ చీజ్ పెట్టి నూనెకాగితంలో పొట్లాలు కడుతోంది. డెబ్బై దాటిన మనిషి. ట్రాండ్‌హైమ్‌లో జీవితమంతా బడికెళ్ళే పిల్లలకి పొట్లాలు కట్టింది కాబట్టి, కళ్ళు ఎదురుగా ఉన్న వడ్డనమనిషి మీదే ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"అమ్మా, పరువు తీస్తున్నావే," అని గొణిగింది కూతురు ఇంగున్.

"డబ్బు కట్టి తింటున్న తిండే కదా! ఇక్కడ మింగితే మర్యాదా, గట్టుమీద మింగితే దొంగతనమా? నువ్వు కాస్త ఇటు జరిగి అడ్డం కూర్చో."

ఇంగున్ జరిగి కూర్చుంది. అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అమ్మానాన్నల పెళ్ళిరోజుకి ఈ ఉత్తర తీరయాత్ర టిక్కెట్లు కొన్నది తనే. ఓడ ఎక్కాక తెలిసిన సంగతేమిటంటే, టిక్కెట్టు ఒక ఎత్తు, ఒక్కో రేవులో దిగి ఊరు చూడటం మరో ఎత్తు. కుక్కల బండికి వేరే డబ్బు, గద్దల్ని చూడటానికి వేరే డబ్బు. గద్దల సంగతి చెప్పినప్పుడైతే రాగ్న పకపకా నవ్వింది. చిన్నప్పుడు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుంటే వాటిని ఉచితంగానే తరిమామంది.

"ఇవాళ హామర్‌ఫెస్ట్‌లో బస్సు యాత్ర ఉంది. గైడుంటాడు, కొండమీద చేపల సూప్ పోస్తారు. వెళ్దామా?" ఇంగున్ ధర చెప్పింది.

"ఆ సూప్‌లో చేప ఉంటుందా, బంగారం ఉంటుందా?" అంది రాగ్న. "గైడెందుకే మనకి? గైడుని చంకలో పెట్టుకుని ఊరంతా వెతుక్కుంటారా ఎవరైనా? ఏం హాల్వర్?"

ఆవిడ మొగుడు హాల్వర్ కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసి కలపసాగాడు.

ఆయన ముప్పై ఏళ్ళు ఈ తీరపు ఓడల్లోనే సరుకు దించే పని చేశాడు. వారాల తరబడి సముద్రంమీదే. ఒక్కో రేవునుంచీ ఇంటికి ఫోన్ చేసి, దిగిన ఊరి కబుర్లు చెప్పేవాడు. హామర్‌ఫెస్ట్‌లో కొండవాలున పెత్రా అనే ఆవిడ బేకరీ, యాలకులు దట్టించిన ఆవిడ బన్నులు, పక్కనే చెరువు, చెరువులో హంసలు. పిల్లలు ఫోన్ చుట్టూ మూగి వినేవాళ్ళు. రాగ్న మాత్రం ఒక చేత్తో అంట్లగిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, లోపల కుతకుతలాడిపోయేది. ఆయనకి ఊళ్ళూ హంసలూ, తనకి జలుబులూ మేజోళ్ళూ! పైగా ఆ పెత్రా ఒకతె. ఎప్పటికైనా ఆయన తిరిగిన చోటల్లా తనూ తిరిగి తీరాలని అప్పుడే పట్టు పట్టింది. ఈ ప్రయాణం ఒప్పుకున్నది అందుకే. ఇల్లు దాటి ఎన్నడూ రాని మనిషి, బతుకులో తనకి రావలసిన వాటా ఇన్నాళ్ళకి వసూలు చేసుకోవడానికి బయల్దేరిందన్నమాట.

తీరా ఓడెక్కాక ఏం జరిగింది? బోడోలో ఆయనకి మోకాలు నొప్పి. ట్రోమ్సోలో వాన. హోనింగ్స్‌వోగ్‌లో గాఢనిద్ర. చివరిదాకా వెళ్ళి ఓడ వెనక్కి కూడా తిరిగింది, రాగ్న మాత్రం ఇంకా ఒక్క ఊళ్ళోనూ కాలు పెట్టలేదు.

"బస్సులోనే పోదామే," అన్నాడు హాల్వర్ చివరికి. "డబ్బుదేముంది, నేను కడతాను."

తల్లీకూతుళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. చిరిగిన చేతితొడుగుల్ని నాలుగుసార్లు కుట్టించుకుని వేసుకునే మనిషి నోట రావలసిన మాట కాదది.

"నీకు ఒంట్లో బాగానే ఉందా?" అంది రాగ్న. "బస్సూ లేదు, గిస్సూ లేదు. ఇవాళ పెత్రా బన్ను తినకుండా నేను ఓడెక్కను. నీ మోకాలు పడిపోతే వీపున వేసుకుని మోస్తాను. లే!"

రేవులో దిగీదిగగానే కేకలు మొదలయ్యాయి. "ఏయ్ హాల్వర్! ఇంకా బతికే ఉన్నావా?" అంటూ, ఓడ తాళ్ళు అందుకునే ఆర్వె పరుగున వచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు. ఫోర్క్‌లిఫ్టు మీది మనిషి హారన్ కొట్టాడు. చూశావా, తీరమంతా మొగుడికి చుట్టాలే అనుకుంది రాగ్న. గర్వమూ వచ్చింది, కడుపుమంటా వచ్చింది.

సరుకుల గోడౌన్ దాకా హాల్వర్ కుర్రాడిలా నడిచాడు. ఏ తలుపు ఏ ఏడు మార్చారో, ఏ మూల ఐసు పేరుకుని జారుతుందో చెబుతూనే ఉన్నాడు. గోడౌన్ మూల తిరిగాక మాటలు తగ్గాయి. వీధిలోకి వచ్చేసరికి అడుగులూ తగ్గాయి. నాలుగడుగులు వెయ్యడం, మెడ తిప్పి వెనక్కి చూడటం.

"ఎటు?" అంది రాగ్న.

"ఇటే... ఎడమకి."

ఎడమకి తిరిగితే చేపల గిడ్డంగి వెనకభాగం వచ్చింది. "కాదు కాదు, ఇప్పుడు మార్చేసినట్టున్నారు, కుడికి," అన్నాడు. కుడికి పెట్రోలు బంకు. దాని పక్కింటివాళ్ళ పూలమడిలో దూరిన ఓ దుప్పి తీరిగ్గా పూలు నములుతూ, ఈ ముగ్గురినీ తేరిపార చూసి మళ్ళీ తిండిలో పడింది.

"అదైనా తినదగ్గది దొరకబుచ్చుకుంది," అంది రాగ్న. "ఏదయ్యా నీ బేకరీ?"

ఇంతలో చక్రాల ఊతబండి తోసుకుంటూ ఓ పెద్దావిడ ఎదురైంది. రాగ్న ఆపి అడిగింది. ఆవిడ నవ్వింది. "కొండవాలునా? బేకరీయా? నేను పుట్టింది ఇక్కడే తల్లీ. కొండవాలున ఎప్పుడూ గాలి తప్ప ఇంకేమీ లేదు. చెరువుందిగానీ, హంసలెక్కడివి? బాతులు కావాలంటే చూడొచ్చు."

ఆవిడ వెళ్ళిపోయింది. రాగ్న మొగుడివైపు తిరిగింది. ఇంగున్ మధ్యలో ఏదో అనబోయింది. "నువ్వుండు," అంది తల్లి.

"హాల్వర్, పెత్రా ఎవరు?"

"ఎవరూ లేరు."

"హంసలు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బోడోలో ఆ పాత వయొలిన్ వాయించే క్షురకుడు? ట్రోమ్సోలో పైనంతా గాజుతో కట్టిన పుస్తకాల కొట్టు?"

"నేను ఏ ఊరూ చూళ్ళేదు రాగ్నా," అన్నాడు హాల్వర్. "ఓడ ఆగినంతసేపూ సరుకు దించడమే. ఖాళీ దొరికితే రేవులోనే ఫోన్ దగ్గర నిలబడేవాణ్ణి. పనిలో చేరిన రోజునే పాతవాళ్ళు చెప్పారు, ఓడ పొగగొట్టం కనిపించినంత దూరమే పో, ఆ పైకి అడుగెయ్యకు, ఓడ ఎవడికోసమూ ఆగదని. ఇప్పటికీ అది కనబడకపోతే నా కాళ్ళు ముందుకి పడవు. నాకు తెలిసినవి రేవులే, ఊళ్ళు కావు."

రాగ్న మొహం జేవురించింది.

"ఇన్నేళ్ళూ నా చెవిలో పువ్వులు పెట్టావన్నమాట! ఇంగున్‌కి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రిలో ఉంటే, నువ్వు అక్కడికి ఫోన్ చేసి బన్నుల గురించి చెప్పావు. గుర్తుందా? పిల్ల బతుకుతుందో లేదో తెలీదు, నేను వసారాలో ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. నువ్వు యాలకుల వాసన గురించి చెబుతున్నావు! ఆ రోజు నిన్ను అసహ్యించుకున్నాను హాల్వర్. ఆ పూట గనక ఎదురుగా ఉంటే చంపేసేదాన్ని."

"గుర్తుంది," అన్నాడాయన. "నువ్వు ఏడుస్తున్నావు. నేనిక్కడ ఇరుక్కుపోయి ఉన్నాను, దగ్గరికి రాలేను. ఏదో ఒకటి చెప్పి నవ్వించాలనుకున్నాను. అప్పుడే పుట్టింది పెత్రా. నీకు యాలకులిష్టం కదా."

"నవ్వలేదు నేను. కోపం వచ్చింది."

"తెలుసు. కోపం వస్తే ఏడుపు ఆపేస్తావుగా నువ్వు. ఆపేశావు. అది చాలనిపించింది. తర్వాత ప్రతి రేవుకీ ఒకటి కల్పించాల్సి వచ్చింది. నువ్వు అడిగేదానివి, ఇవాళేం చూశావని. రబ్బరు టైర్లు కట్టిన గోడ చూశానని ఎలా చెప్పను?"

ఇంగున్ కళ్ళు తుడుచుకుంది. ఆ హంసల్ని తలుచుకుంటూ నిద్రపోయిన పిల్ల కదా మరి. రాగ్న మాత్రం ఏడవలేదు. పెట్రోలు బంకు గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. కోపాన్ని ఎక్కడ పెట్టాలో ఆవిడకి తోచలేదు. అన్నేళ్ళు మోసిన కోపం అది. ఆయన హాయిగా లోకం చూస్తున్నాడనీ, తాను నాలుగు గోడలమధ్య మగ్గిపోతున్నాననీ లోలోపల పెంచి పోషించిన కోపం. తీరా చూస్తే ఆయనదీ నాలుగు గోడల బతుకే. కాకపోతే ఆ గోడలు ఇనపవి.

ఇళ్ళ వెనకాల మెలికలు తిరుగుతూ కొండెక్కే కాలిబాట కనిపించింది. బాట మొదట్లో బోర్డుమీద పైనుంచి కనిపించే దృశ్యం బొమ్మ వేసి ఉంది. టిక్కెట్టు మాట లేదు.

"ఇది ఊరికేనే ఎక్కనిస్తారా?" అంది రాగ్న.

"ఊరికేనే అమ్మా," అంది ఇంగున్.

"అయితే పదండి."

"ఆ ఇళ్ళ వెనక నుంచి పొగగొట్టం కనపడదు రాగ్నా," అన్నాడు హాల్వర్. ఆయన అప్పటికే మెడ తిప్పి రేవువైపు చూస్తున్నాడు.

"కనపడకపోతే పీడా పోయింది. ఇటు చూడు, నన్ను చూస్తూ ఎక్కు. నేను కనపడుతున్నానా లేదా?"

చెయ్యి పట్టుకుని లాగింది. మొదటి మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు. ఆవిడ ఆగలేదు. రెండో మలుపు దగ్గర వెనక్కి తిరగబోయాడు. "ముందుకి!" అని కసిరింది. ఆయన కదిలాడు. రొప్పుతూ, తిట్టుకుంటూ, ప్రతి మలుపులోనూ ఊపిరి తీసుకుంటూ ముసలివాళ్ళిద్దరూ ఎక్కారు. వెనక ఇంగున్ ఒక చేత్తో తండ్రి వీపు ఆనిస్తూ, ఇంకో చేత్తో గడియారం చూసుకుంటూ వచ్చింది.

పైకి చేరాక హాల్వర్ బండ అంచుదాకా వెళ్ళి నిలబడ్డాడు. కింద ఎర్రవీ పచ్చవీ ఇళ్ళు వరసలు వరసలుగా ఉన్నాయి. బడి ఆవరణలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఎవరిదో పెరట్లో ఉతికిన దుప్పట్లు గాలికి ఎగురుతున్నాయి. అవతల సముద్రం, దానికవతల మంచు కప్పిన దీవులు. రేవులో ఓడ ఉంది. ఆయన దాన్ని వేలితో చూపించాడు.

"అదేనా? అంత చిన్నదా? ముప్పై ఏళ్ళు అలాంటి దాంట్లోనా ఉన్నాను నేను?" అని అక్కడే బండమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

రాగ్న పక్కన కూర్చుంది. ఇక అప్పుడు ఆవిడకీ ఏడుపు ఆగలేదు. "నువ్వు బయట ఉన్నావనుకున్నాను," అంది. "నువ్వూ లోపలే ఉన్నావుట్రా పిచ్చివాడా! ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా."

అక్కడే పొట్లాలు విప్పి తిన్నారు. హాల్వర్ ఒక్కో ఇంటినీ చూస్తూ, అందులో ఎవరుంటారో, ఆ దుప్పట్లు ఎవరివో అడుగుతున్నాడు. తెలియదని చెబుతూనే ఉంది రాగ్న. ఓడ కూత వేసింది.

"నాన్నా, లే, వెళ్ళాలి," అని కంగారుపడింది ఇంగున్.

"ఉండవే, ఇంకొక్క క్షణం," అన్నాడాయన. కూత వింటే నిద్రలోంచి కూడా దిగ్గున లేచే మనిషి, బడి పిల్లల ఆట చూస్తూ కూర్చున్నాడు. రాగ్న కూడా లెమ్మనలేదు.

దిగేసరికి ఆలస్యమైపోయింది. దూరాన్నుంచే కనిపిస్తోంది, ఓడమీద కుర్ర ఆఫీసరు చేతులూపుతూ అరుస్తున్నాడు. హాల్వర్ పరుగెత్తబోయాడు. రాగ్న మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పరుగెత్తకు. జీవితమంతా పరుగెత్తావు. నడువు."

రేవు గట్టుమీద ఆర్వె తీరిగ్గా తాడు కట్టిన గుంజమీద కూర్చుని ఉన్నాడు. "తాడు విప్పవయ్యా!" అని పైనుంచి అరుపు. "ముడి బిగుసుకుపోయింది సార్!" అని కిందనుంచి జవాబు. చేతులు కట్టుకుని కూర్చున్నవాడికి ముడి ఎలా వదులవుతుంది!

నిచ్చెన మెట్ల దగ్గర ఆఫీసరు ఎదురొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఓడ ఎవరికోసమూ ఆగదని మీకు నేను చెప్పాలా అండీ? ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి, మీరే ఇలా చేస్తే ఎలా? ఎక్కడికి వెళ్ళారసలు?"

ఇంగున్ క్షమాపణ చెప్పడానికి ముందుకి వచ్చింది. రాగ్న ఆఫీసరుకి గట్టిగా ఓ మాట తగిలించడానికి నోరు తెరిచింది. ఆ ఇద్దరికంటే ముందు హాల్వరే మాట్లాడాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వీపు నిటారుగా నిలబెట్టి చెప్పాడు.

"ఊరు చూడ్డానికి వెళ్ళాను బాబూ. నేనూ మా ఆవిడా."

రాగ్న ఆఫీసరుకి చెప్పాల్సిన మాట మరిచిపోయింది. మొగుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, అంతమందిలో సిగ్గుపడకుండా ఏడుస్తూ, ఆయన వెంట మెట్లెక్కింది.