పరగడుపు మాత్ర

పొద్దున్న అయిదున్నరయ్యేసరికి యాజులు మాస్టారు కలిపిన కాఫీ భార్య మంచం దగ్గరికి వచ్చేస్తుంది. చింతపల్లి నుంచి తెప్పించిన గింజలు, చిక్కటి డికాషను, పక్కన సాసర్లో థైరాయిడ్ మాత్ర. వర్ధనమ్మకి ఆ జబ్బు బయటపడిన ఆరేళ్లలో ఆయన ఒక్కరోజూ మానలేదు. ఆవిడ ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేది కూడా.

ఆ రోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

"ఏటమ్మా, మళ్లీనా? గేసు కంపు కొడతంది, సూస్తా నిలబడిపోనావేటి!" పనిమనిషి లోవమ్మ పరుగున వచ్చి స్టౌ కట్టేసింది.

యాజులు గారు లైటరు తీసి జేబులో వేసుకున్నారు. "రేపు విశాఖపట్నం వెళ్తున్నాం. మతిమరుపు డాక్టరు దగ్గర పేరు రాయించాను. నీ హిందీ ట్యూషను పిల్లల్ని ఇక రావద్దన్నాను."

"నన్నొక్క మాట అడగొద్దూ?"

"అడిగినా గుర్తుంటుందా నీకు?"

ఆ మాట వర్ధనమ్మకి చురుక్కుమంది. కానీ అందులో అబద్ధం లేదు. మూడేళ్లుగా ట్యూషనుకి వస్తున్న పిల్లని మొన్న పిలవబోయి పేరు తోచక నిలబడిపోయింది. బేబి. రెండే అక్షరాలు. తన తల్లికీ ఇలాగే మొదలైంది. ఆఖరికి కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది.

రెండు రోజుల సెలవుకి వచ్చిన కూతురు అనూహ్య అంతా వింటూనే ఉంది. విశాఖపట్నంలో థైరాయిడ్ మీద జరుగుతున్న ఒక పరిశోధనలో దాని ఉద్యోగం. ల్యాప్‌టాప్ తెచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, నీ పాత రిపోర్టులివ్వు. మా వాళ్లు అందరినీ అడిగే ప్రశ్నలే నిన్నూ అడుగుతాను."

అంకెలు ఎక్కించింది. మాత్ర మోతాదు ఏటేటా పెరుగుతూనే ఉంది, థైరాయిడ్ చాలనప్పుడు రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ అంకె మాత్రం దిగలేదు.

"మాత్ర ఎప్పుడు వేసుకుంటావు?"

"పరగడుపునే."

"దేంతో?"

"మీ నాన్నగారి కాఫీతో."

అనూహ్య చెయ్యి ఆగిపోయింది. "కాఫీతోనా? నాన్నా, పరగడుపున అని డాక్టరు చెప్పలేదూ?"

"చెప్పారు. కాఫీ ఏమైనా తిండా? ఏకాదశినాడు కూడా తాగుతాం, ఉపవాసం చెడిందా?"

"దేవుడు ఒప్పుకున్నా మాత్ర ఒప్పుకోదు నాన్నా. వేలమంది రిపోర్టులు కంప్యూటరుకిచ్చాం. మోతాదు పెంచినా అంకె దిగనివాళ్లని అది ఒక గుంపుగా తీసి చూపించింది. మాత్ర దేంతో వేసుకుంటారన్న గడిలో వాళ్లలో చాలామంది కాఫీ, టీ అనే రాశారు. కాఫీతో కలిస్తే మందు ఒంటికి సరిగ్గా పట్టదని డాక్టర్లకి తెలిసిందే. మన ఇళ్లలో ఇంతమంది ఇలా వేసుకుంటున్నారని ఎవరికీ తట్టలేదు."

"ఆ యంత్రం నా చేతి కాఫీ తాగిందా, నన్ను వేలెత్తి చూపించడానికి?" యాజులు గారి గొంతు లేచింది. అంతలోనే పడిపోయింది. "అంటే ఆరేళ్లుగా... నేనేనా?"

వర్ధనమ్మకి ఆయన మాట వినపడనేలేదు. "అనూ, అయితే ఇది అమ్మమ్మకొచ్చిన జబ్బు కాదా?"

"డాక్టరు చూసి చెప్పాలమ్మా. కానీ థైరాయిడ్ తక్కువైనా మతిమరుపొస్తుంది. ముందు దీన్ని సరిచేద్దాం."

మర్నాడు విశాఖపట్నంలో మతిమరుపు డాక్టరుకి బదులు థైరాయిడ్ డాక్టరుకి చూపించారు. డాక్టరు మోతాదు మార్చలేదు. మంచినీళ్లతో వేసుకోమని, గంట దాకా కాఫీ వద్దని చెప్పి, రెండు నెలలకి రమ్మన్నారు.

ఆ గంటసేపూ యాజులు గారు కూడా కాఫీ ముట్టేవారు కాదు. "మీరెందుకండీ ఉపవాసం?" అంటే, "ఏకాదశినాడు చెయ్యనిది ఇప్పుడు చేస్తున్నాను," అనేవారు.

రెండు నెలల తర్వాత తీసిన రిపోర్టులో అంకె దాదాపు మామూలుకి దిగింది. ఈ మతిమరుపు ఆవిడ తల్లికొచ్చిన జబ్బులా లేదని డాక్టరు గట్టిగానే చెప్పారు. ఇంటికి రాగానే యాజులు గారు జేబులోంచి లైటరు తీసి పొయ్యి పక్కన పెట్టారు. "పిల్లల్ని రమ్మన్నాను," అన్నారు, గోడకేసి చూస్తూ.

సాయంత్రం గేటు చప్పుడైంది. వర్ధనమ్మ వంటింట్లోంచే తల తిప్పి చూసింది.

"బేబీ, కాళ్లు కడుక్కుని రా. పోయినసారి పద్యం సగంలో ఆపేశావు."

అనేశాక తెలిసింది, ఆ పేరు కోసం తను వెతుక్కోలేదని. పైటకొంగుతో కళ్లు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.