మంచం కింది ఉక్కు పెట్టె

"మన జలాంతర్గాములు ఎక్కడ తిరుగుతున్నాయో చెప్పే చిప్ పోయింది," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ ఆస్ట్రాండర్. "అలాస్కా వెళ్లే రిటైర్డ్ జనం మోటార్‌హోమ్‌ల, అదే ఇల్లులాంటి బండ్ల గుంపులో ఎవరో దాన్ని కెనడా దాటిస్తున్నారు. నువ్వూ మన ఏజెంట్ డెల్ఫీనూ ముసలి మొగుడూ పెళ్లాల్లా అందులో చేరండి. నీ తమ్ముడు కూడా ఓ జలాంతర్గామిలోనే ఉన్నాడని మర్చిపోకు."

"పిస్టల్ సంగతి?" అడిగాడు రస్ హౌగెన్.

"తీసుకెళ్లు. కానీ ఏ రాష్ట్రంలో ఆ రాష్ట్రం చట్టం. షెరీఫ్ చేతికి చిక్కావో, నువ్వెవరో నాకు తెలీదు."

అక్కడ మొదలైంది రస్‌కి శని. జార్జియాలో నడుముకున్న పిస్టల్ ఇల్లినాయి చేరేసరికి మంచం కింది ఉక్కు పెట్టెలోకి వెళ్లింది. తూటాలు వెనక సామాన్ల అరలోకి వెళ్లాయి. పెట్టె తాళంచెవి డెల్ఫీన్ మెడ గొలుసుకి చేరింది. తెల్ల విగ్గు పెట్టినా అందం దాగని ఆ మనిషి, రాష్ట్రం సరిహద్దు వచ్చినప్పుడల్లా పంతులమ్మలా చట్టాలు బోధించేది. బండి ఆపి పొయ్యి వెలిగిస్తే ఇల్లట, ఇంజన్ స్టార్ట్ చేస్తే వాహనమట. ఇంటికో రూలు, వాహనానికో రూలు. రస్‌కి ఒళ్లు మండిపోయేది.

మిన్నెసోటాలో కిటికీ దగ్గర ఎవరో కదిలారు. ఆమె తాళంచెవి తీసి, అతను తూటాలు వెతికి తెచ్చేలోగా తలుపు చప్పుడైంది. చూస్తే పక్క బండి ముసలాయన, చక్రం కింద పెట్టుకోవడానికి చెక్కముక్క అడగడానికొచ్చాడు. అదే శత్రువైతే రస్ పని అప్పుడే అయిపోయేది.

మోంటానాలో అడుగుపెట్టగానే రస్ చెయ్యి చాచాడు. "పిస్టల్ ఇచ్చెయ్."

"ఇక్కడా పెట్టెలోనే ఉండాలి రస్. చట్టం."

రస్ పుట్టింది మోంటానాలోనే. వాళ్లమ్మ పిస్టల్ హ్యాండ్‌బ్యాగులో వేసుకునే చర్చికి వెళ్లేది, ఎవరూ కాదన్న పాపాన పోలేదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదతను. పొరపాటు పడిందిలే, ఇన్ని చట్టాలు బుర్రలో పెట్టుకుంటే ఎవరికైనా మతిపోతుంది అనుకుని ఊరుకున్నాడు.

చేతి తుపాకి కెనడాలోకి రానివ్వరు. అందుకే ఆ గుంపులో అందరిలాగే డెల్ఫీన్ కూడా పొద్దున్నే వెళ్లి, పిస్టల్‌ని సరిహద్దు ఊళ్లో తుపాకుల కొట్టులో దాచమని అప్పగించి వచ్చింది. మధ్యాహ్నానికి చెక్‌పోస్టు క్యూలో ఉన్నారు. ముందు రెండు బండ్లే ఉన్నాయి.

"ఎలాగూ ఖాళీయేగా. పెట్టె తెరువు, నా విస్కీ దాచుకుంటాను," అన్నాడు రస్.

"తనిఖీ అయ్యేదాకా తెరవకూడదు. కెనడా చట్టం."

రస్ తలతిప్పి ఆమెను చూశాడు. ఇలాంటి చట్టం ఏ దేశంలోనూ లేదు. మోంటానాదీ ఇదీ రెండూ ఈవిడ బుర్రలో పుట్టినవే. ఖాళీ పెట్టెకి ఇంత కాపలా దేనికి? ఇన్నాళ్లూ గుంపులో ప్రతి ముసలాణ్నీ అనుమానించాడు, దొంగని పక్కనే పెట్టుకుని. అతని చేతిలో ఆయుధం లేదు. తాళంచెవి లాక్కుందామంటే ఆమె చెయ్యి ఎలుగుబంట్ల కళ్లలో కొట్టే కారం స్ప్రే డబ్బా మీదుంది.

బండి బూత్ ముందు ఆగింది. ఆఫీసర్ కొవాల్‌చుక్ వంగి చూశాడు. "తుపాకులేమైనా ఉన్నాయా?"

"లేవండీ," అని నవ్వింది డెల్ఫీన్.

"ఉంది," అన్నాడు రస్. "పిస్టల్. మంచం కింద పెట్టెలో. తాళంచెవి మా ఆవిడ మెడలో ఉంది."

స్ప్రే డబ్బా పైకి లేచింది. అంతకంటే ముందే కొవాల్‌చుక్ తుపాకి బయటికొచ్చింది. "అది ఎలుగుబంట్ల మీదైతేనే ఇక్కడ చట్టబద్ధం మేడమ్. కింద పెట్టండి."

పెట్టె తెరిచారు. పిస్టల్ లేదు. నల్ల గుడ్డలో చుట్టిన చిప్ ఉంది.

గంట తర్వాత రస్‌కి ఫోన్ ఇచ్చారు. "చిప్ దొరికింది సర్. లేని తుపాకి ఉందని చెప్పినందుకు నన్నూ కూర్చోబెట్టారు."

"నీ తుపాకి ఏది మరి?" అన్నాడు ఆస్ట్రాండర్.

"మోంటానాలో, కొట్టులో ఉంది సర్. ఉన్నన్నాళ్లూ అక్కరకు రాలేదు. లేకుండా పోయాకే పనిచేసింది."