కాటా గొయ్యి దగ్గర రెండు గీతలు

ఖిదిర్‌పూర్ ఓడల డాకు వెనక, గంగ వైపు తిరిగే రోడ్డులో ఒక ప్రైవేటు గోడౌన్ల యార్డు ఉంది. ఆ యార్డు వెనక మూలన పాత కాటా గొయ్యి. ఒకప్పుడు లారీల్ని సరుకుతో సహా అక్కడే తూచేవాళ్ళు. కాటా పాడైపోయాక పైన ఇనప రేకులు పరిచి వదిలేశారు. చుట్టూ నడుమెత్తు పిచ్చిమొక్కలు.

ఆ చోటు మంచిది కాదని డాకంతా అనుకుంటారు.

ఎప్పుడో ఒక కూలీ అక్కడ లారీకీ గోడకీ మధ్య నలిగి చచ్చిపోయాడట. అప్పట్నుంచి రాత్రిపూట అటు పోతే... ఏదో తెల్లగా లేచి నిలబడుతుందట. నలుగురు కలిసి వెళ్ళినా ఒక్కడికే కనిపిస్తుందట. మిగతావాళ్ళు ఎంత కళ్ళు చించుకున్నా చీకటే. అలా ఎవడికి కనిపిస్తే వాణ్ణి అది ఎంచుకున్నట్టే. ఆ తర్వాత పిలుస్తుంది. పలికాడా... అంతే.

నాకీ సంగతి చెప్పినవాడు తిరుపతిరావు. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి డాకు పనికొచ్చాడు. ఇతను ఇక్కడే పుట్టాడు. నేను బదిలీ మీద కలకత్తా వచ్చిన ఏడాది మా బ్యాంకులో కాపలాకి చేరాడు. అంతకు ముందు ఆ యార్డులోనే రాత్రి డ్యూటీ. "ఎందుకు మానేశావయ్యా?" అని అడిగితే చాలా రోజులు నవ్వి ఊరుకున్నాడు. ఒకరోజు మాత్రం నవ్వలేదు.

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

యార్డులో రాత్రి కాపలా ఇద్దరిది — తిరుపతిరావు, గవరయ్య. గవరయ్యకి అరవై దగ్గరపడ్డాయి. కుర్రాళ్ళంతా "మావా" అని పిలుస్తారు. ఒక్కగానొక్క కూతురు రమాకుమారి. మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీ కొట్టుకి ఇంట్లోంచే గుండీలు కుట్టి ఇస్తుంది. అల్లుడు మధుబాబు అదే యార్డులో పగటిపూట లోడింగు పని చేస్తాడు. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు.

ఆ ఏడు దుర్గాపూజ రోజుల్లో, అష్టమి నాడు మధ్యాహ్నం మామాఅల్లుళ్ళు మాటా మాటా అనుకున్నారు. మధుబాబు వైజాగ్ వెళ్ళిపోదామంటాడు. అక్కడ క్రేను పని నేర్పిస్తారట. గవరయ్యకి కూతురు దూరమవడం ఇష్టం లేదు.

"ఎల్తే నువ్వొక్కడివే ఎల్లు. నా కూతుర్ని తీసుకెల్తే ఊరుకోను" అన్నాడు గవరయ్య.

"ఎల్తాను. సూస్తూ ఉండు" అని మధుబాబు ఆఖరి లారీ దించడానికి పనిలోకి పోయాడు.

సాయంత్రం ఆరింటికి లారీ వెళ్ళిపోయింది. యార్డుకి రెండు రోజులు సెలవు. గేటు దగ్గర చూస్తే మధుబాబు లేడు. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. రమాకుమారి ఏడుస్తూ తండ్రికి ఫోను చేసింది.

"రైలెక్కీసుంటాడు. నాలుగు రోజులు పోతే ఆడే వస్తాడు. తలుపేసుకుని పడుకో" అన్నాడు గవరయ్య.

ఆ రాత్రి పన్నెండు దాటాక ఇద్దరూ రౌండుకి బయల్దేరారు. ఊరంతా దీపాలు. ఎక్కడెక్కడి పందిళ్ళలోంచో ఢాకు డప్పుల మోత, మైకుల్లో పాటలు... యార్డు వెనక మాత్రం ఒక్క బల్బూ లేదు. గవరయ్య టార్చి భుజం మీద, చెవికి ఆనించి పట్టుకుంటాడు. అది పాత అలవాటు. తిరుపతిరావు నాలుగడుగులు పక్కగా నడుస్తున్నాడు.

కాటా గొయ్యి ఇంకా నలభై గజాల దూరంలో ఉంది. గవరయ్య అటువైపు టార్చి తిప్పాడు.

ఆగిపోయాడు.

"ఒరే... సూసినావా?"

"ఏటి మావా?"

"అదిగో... తెల్లగా... రెండు గీతలు."

తిరుపతిరావు చూశాడు. మొక్కలు. చీకటి. ఇంకేమీ లేదు.

"నాకేటీ అగుపించట్లేదు."

గవరయ్యకి మాత్రం కనిపిస్తోంది. గాల్లో నిలువుగా రెండు నిప్పు గీతలు. తల లేదు. కాళ్ళు లేవు. వెన్నెల కంటే తెల్లగా, కళ్ళు పొడిచేటంత వెలుగు. చూస్తుండగానే అవి ఒక పక్కకి ఒరిగాయి... మళ్ళీ మెల్లగా లేచాయి...

"ఇటియ్యి మావా టార్చీ, నేను సూస్తాను."

గవరయ్య ఇవ్వలేదు. టార్చి ఆర్పేశాడు. తిరుపతిరావు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

అప్పుడు వినిపించింది. గొంతులా లేదు. చిల్లు పడిన గొట్టంలోంచి గాలి వచ్చినట్టు...

"మా... వా..."

తిరుపతిరావుకీ వినిపించింది. ఇద్దరూ పలకలేదు. వెనక్కి తిరిగి చూడకుండా గేటు గదిదాకా పరుగెత్తారు.

నవమి రాత్రి రౌండు తప్పదు. వెనక మూలన గోడకి ఒక గడియారం పెట్టె ఉంటుంది. దానికి కార్డు ఆనించకపోతే జీతం కోస్తారు. గవరయ్య టార్చి వెయ్యకుండానే నడిచాడు. వెలుగు లేకపోతే అది కనపడదు; కనపడకపోతే తనని ఏమీ చెయ్యదు — అదీ అతని ధైర్యం. గొయ్యికి ఎదురుగా వచ్చేసరికి చప్పుడు... టంగ్... టంగ్... ఇనుము మీద రాయి కొట్టినట్టు. ఆగి, మళ్ళీ... టంగ్.

"మావా, మనిషేమో?" అన్నాడు తిరుపతిరావు గుసగుసగా.

"మనిషైతే నీకెందుకు అగుపించలేదు రా?"

తిరుపతిరావు కార్డు తీసుకుని గడియారం పెట్టె వైపు నడిచాడు.

తెల్లారి ఇంటికెళ్తే రమాకుమారి అన్నం వండలేదు. హౌరా స్టేషనుకి వెళ్ళి వచ్చింది. మధుబాబు స్నేహితులందరికీ ఫోన్లు చేసింది. "మందలిస్తే ఇంత పని చేస్తాడా నాన్నా" అని గోడకి ఆనుకుని కూర్చుంది. గవరయ్య ఆమె తల నిమిరాడు. తనకి కనిపించిన దాని గురించి చెప్పలేదు. అది తనని ఎంచుకుందని చెప్పి కూతుర్ని ఇంకా భయపెట్టడం ఎందుకనుకున్నాడు.

దశమి రాత్రి ఊరేగింపుల బాణసంచాకి గోడౌను రేకులు అదిరిపోతున్నాయి. తిరుపతిరావే ఒక మాటన్నాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ తన నాలుక కోసుకోవాలనిపిస్తుందట.

"ఇనుమంటే దెయ్యాలకి బయం మావా. ఇసిరితే పోద్ది."

మూలన పడున్న లంగరు గొలుసు బోల్టు ఒకటి తీసి ఇచ్చాడు. రెండు కేజీలుంటుంది.

వెనక్కి వెళ్ళారు. తిరుపతిరావు కంటైనరు చాటున ఆగిపోయాడు. గవరయ్య నాలుగడుగులు ముందుకేసి, పళ్ళు బిగించి, టార్చి వేశాడు.

గీతలు గొయ్యి దగ్గర లేవు.

దారి మీదికి వచ్చేశాయి. పదిహేను గజాల్లో... నేల మీద... పాకుతూ. ఒక గీత ముందుకి జరుగుతుంది, ఆగుతుంది. రెండోది జరుగుతుంది. మొక్కలు సర్రుమంటున్నాయి. గవరయ్యకి ఆ మంటలాంటి తెలుపు తప్ప దాని వెనక ఏమీ కనిపించలేదు. తన కోసమే వస్తోంది. తననే ఎంచుకుంది.

"మా..."

బోల్టు విసిరాడు. ఉన్న బలమంతా పెట్టి విసిరాడు.

మెత్తటి చప్పుడైంది.

గీతలు కిందికి జారి... ఆగిపోయాయి. మరి కదల్లేదు.

"పోయిందిరా!" అన్నాడు గవరయ్య. గేటు గదిలో టీ కాచుకుని తాగారు. మూడు రాత్రుల తర్వాత ఆ ముసలాయన నవ్వాడట. కునుకు కూడా తీశాడట.

పొద్దున్న యార్డు తెరిచారు. కాపలావాళ్ళని ఇళ్ళకి పోవద్దన్నారు. యార్డుకి కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు జ్ఞానప్రసూన, విజయవాడ అమ్మాయి, రాత్రి డ్యూటీ వాళ్ళకి కొత్త జాకెట్లు ఇవ్వాలని పిలిచింది. అంతకు ముందు ఆ యార్డులో ఎవరికీ జాకెట్లే లేవు.

తలుపులు మూసిన ఖాళీ కంటైనరులోకి అందర్నీ తీసుకెళ్ళింది. లోపల చీకటి. ఒక జాకెట్‌ని ఆ చివర తగిలించింది. దాని భుజాల మీంచి నడుందాకా బూడిదరంగు పట్టీలు రెండు.

"గవరయ్యగారూ, టార్చి మీ కన్ను పక్కన పెట్టి వెయ్యండి. తిరుపతిరావుగారూ, మీరు నాలుగడుగులు పక్కకి నిలబడండి. ఏం కనిపిస్తోందో చెప్పండి."

గవరయ్య వేశాడు.

"నాకు మామూలు గుడ్డే అగుపిస్తంది మేడం" అన్నాడు తిరుపతిరావు.

గవరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చూశారా! ఈ పట్టీలో ఇసుక కంటే సన్నటి గాజు పూసలుంటాయి" అని ఆమె హుషారుగా చెప్తోంది. "మామూలు అద్దమైతే వెలుగుని ఇంకోవైపు పంపిస్తుంది. ఈ పూస అలాక్కాదు. లోపలికి వచ్చిన వెలుగుని వంచి, వెనక గోడకి కొట్టించి, మళ్ళీ వంచి, వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. అందుకని టార్చి ఎవరి కంటి దగ్గరుంటే వాళ్ళకే మండినట్టు కనిపిస్తుంది. పక్కవాళ్ళకి ఏమీ కనిపించదు. ఆ వెలుగుకి మన కళ్ళు చెదిరిపోయి, తొడుక్కున్న మనిషి కూడా కనపడడు. కాబట్టి గీతలు కనిపిస్తే మనిషి ఉన్నాడని అర్థం చేసుకోవాలి."

టార్చి కింద పడింది.

"ఇయి... ఇలాటివి... ఇంతకు ముందు ఎవులికైనా ఇచ్చినావా తల్లీ?"

"అష్టమి సాయంత్రం ఒకటిచ్చానండీ, ఎలా ఉందో వాడి చూడమని. మీ అల్లుడికే. ఏం, చెప్పలేదా?"

గవరయ్య తలుపు తోసుకుని పరుగెత్తాడు.

వెనక అందరూ పరుగెత్తారు. దారి మీద, మొక్కలు నలిగిపోయిన చారకి ఈ చివర, మధుబాబు బోర్లా పడి ఉన్నాడు. ఒళ్ళంతా గొయ్యిలోని నల్లబురద, భుజాల మీద మాత్రం ఆ బూడిదరంగు పట్టీలు. తుంటి విరిగి రెండు కాళ్ళూ వంకర తిరిగాయి. అడ్డదారిన పోతుంటే తుప్పురేకు విరిగి లోపల పడ్డాడని తర్వాత తేలింది. ఛాతీకి దెబ్బ తగిలి గొంతు లేవలేదు. ఫోను నీళ్ళలో పోయింది. ఆ నీళ్ళే తాగి బతికాడు. రెండు రాత్రులు గొయ్యి అంచు పట్టుకుని భుజాలు పైకెత్తి చూశాడు. మూడో రోజు ఎలాగో బయటికి పాకాడు.

జ్ఞానప్రసూన మోకాళ్ళ మీద కూర్చుని మెడ మీద వేళ్ళు పెట్టింది. "చల్లబడలేదు... ఇంకా పూర్తిగా చల్లబడలేదు..." అంటూ ఏడుపు మొదలుపెట్టింది.

తిరుపతిరావు మాత్రం గవరయ్య కాలు చూశాడు. ఆ కాలు అల్లుడి తల పక్కన పడున్న బోల్టు మీదికి వచ్చి ఆగింది. జనం మూగే గందరగోళంలో మెల్లగా దాన్ని మొక్కల్లోకి నెట్టింది. రాత్రి అయ్యాక ఆ బోల్టు గంగలోకి పోయింది.

పోలీసులొచ్చారు. ఇద్దర్నీ అడిగారు. మూడు రాత్రులూ రౌండు తిరిగారు కదా, ఏమైనా కనిపించిందా, వినిపించిందా?

"నేదు బాబూ. పూజ మైకులు కదా" అన్నాడు గవరయ్య.

తిరుపతిరావు నేల చూస్తూ తలూపాడు. "ఇనుమిచ్చింది నేను సార్. ఏటని సెప్తాను?" అన్నాడు నాతో.

వారం తర్వాత ఆసుపత్రి నుంచి పోస్టుమార్టం కాగితం వచ్చింది. రమాకుమారి చదివించుకుంది. తుంటి విరగడం వల్ల పోలేదు; ఆసుపత్రికి తెస్తే బతికేవాడే. ప్రాణం తీసింది తల మీద పడిన దెబ్బ. దశమి రాత్రి ఎవరో బరువైన దాంతో కొట్టారు.

"మూడ్రోజులు పాక్కుంటూ వచ్చినోణ్ణి కొట్టడానికి చెయ్యెలా వచ్చింది నాన్నా?" అంది. "ఆడు దొరికేదాకా నేనొగ్గను."

అప్పట్నుంచి ప్రతి సోమవారం ఠాణాకి వెళ్తుంది. నా భర్తని చంపినవాడు దొరికాడా అని అడుగుతుంది. దొరికితే చెప్తామంటారు. బెంచీ మీద ఇంకో గంట కూర్చుని వస్తుంది. ఇది మూడో ఏడు.

ఒంటరిగా మాత్రం వెళ్ళదు. ఖిదిర్‌పూర్ దగ్గర రోడ్డు దాటేటప్పుడు ఒకసారి నేనే చూశాను. గవరయ్య ఒక చేత్తో గొడుగు పట్టి, రెండో చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని, బస్సుల మధ్యలోంచి జాగ్రత్తగా దాటిస్తున్నాడు.