శ్రీరంగప్ప మెషిన్

ధడేల్!

వెనక నుంచి స్కార్పియో మళ్ళీ గుద్దింది.

కారు వెనక అద్దం పగిలి సీటు నిండా రాలింది. స్టీరింగ్ చేతుల్లో గింజుకుంటోంది. డాక్టర్ అశ్విని దాన్ని బిగించి పట్టుకుని యాక్సిలరేటర్‌ని నేలకు తొక్కింది.

మిట్టమధ్యాహ్నం. మే నెల.

కనుచూపు మేర దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు. విత్తనం పడని వేరుశెనగ చేలు. ఎర్రమట్టి. దూరంగా గాలిమరలు. హైవే మీద ఆ బండి పక్క నుంచి ఒరుసుకుంటూ వస్తే, తప్పించుకోవాలని ఈ మట్టిరోడ్డులోకి తిప్పింది.

తప్పు చేసింది...

కారు ఎటు తిరిగినా వెనకాలే దుమ్ము లేస్తోంది. వాళ్ళు వెతకాల్సిన పని కూడా లేదు.

పోలీసులకు ఫోన్ చేసింది. వస్తామన్నారు. ఎక్కడున్నారని అడిగారు. ఎక్కడుందో ఆమెకే తెలియదు!

"మేడమ్..." వెనక సీట్లోంచి హనుమంతమ్మ. "తల తిరగతాండాది."

"పడుకో అవ్వా. లేవొద్దు. ఆ ఎడం చెయ్యి కదిలించొద్దు."

అశ్విని గేరును విసురుగా మార్చింది.

కోపంతో.

ఆ కోపం పొద్దున మొదలైంది.

బుక్కరాయసముద్రంలో అశ్వినికి చిన్న హార్ట్ క్లినిక్ ఉంది. హనుమంతమ్మ ధర్మవరం నుంచి బస్సెక్కి అక్కడికి వచ్చింది. అరవై దాటిన మనిషి. పట్టుమగ్గమే బతుకు. నాలుగు నెలల కింద కొత్తచెరువులో డాక్టర్ మార్కండేయ తన సొంత ఆస్పత్రిలో ఆమెకు పేస్‌మేకర్ పెట్టాడు. ప్రభుత్వ కార్డు మీద. మా ధర్మవరం పిల్లోడే గదా అని నమ్మి పోయినానంది. పెట్టిన కొత్తలో బాగానే ఉందట. ఈ మధ్య మగ్గం దగ్గర ఎడమ చెయ్యి ఎత్తితే చాలు, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయట. ఒకసారి మగ్గం గుంటలోనే పడిపోయిందట.

అశ్విని ప్రోగ్రామర్ తీసింది. చూడ్డానికి లాప్‌టాప్ లాగే ఉంటుంది. దాని వైరు చివరనున్న బిళ్ళను ఛాతీ మీద ఆనిస్తే, లోపలున్న పేస్‌మేకర్ తనకు తెలిసిందంతా స్క్రీన్ మీద చెబుతుంది.

చెప్పింది.

పేషెంట్ పేరు... శ్రీరంగప్ప.

అమర్చిన డాక్టర్... అశ్విని!

ముందు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు భగ్గుమంది.

నల్లమాడ శ్రీరంగప్ప! మెట్ట రైతు. గుండె పైగదుల్లో పుట్టే కరెంటు కింది గదులకు చేరడం పూర్తిగా ఆగిపోయిన మనిషి. రెండేళ్ళ కింద ఈ మెషిన్‌ని తన చేతులతోనే ఆయన ఛాతీలో పెట్టింది. ఇది ఉన్నంతసేపే గుండె కొట్టుకుంటుంది, లేకపోతే ఆగిపోతుంది అని ఇంట్లోవాళ్ళకు విడమర్చి చెప్పింది. మొన్న చలికాలంలో ఆయన పోయాడని ఎవరో అంటే విని బాధపడింది.

పోయిన మనిషి మెషిన్, బతికున్న మనిషిలో...

కొత్తదానికని ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకుని పాతది కుట్టేశాడు మార్కండేయ! మెషిన్ నుంచి గుండెకు పోయే వైరు కూడా సరిగ్గా బిగించలేదు. అందుకే ఆమె కళ్ళు తిరిగి పడిపోతోంది.

అశ్విని స్క్రీన్ ఇంకా కిందికి జరిపింది.

ఆగిపోయింది.

మెషిన్ తాను కొట్టిన కరెంటుకు గుండె పలికిందా లేదా అన్నది దాచుకుంటుంది. వైరు ఊడిన క్షణాన్నీ దాచుకుంటుంది. ఆ క్షణం దాకా శ్రీరంగప్ప గుండె పలుకుతూనే ఉంది.

అంటే... బతికుండగానే పీకాడు!

పట్టరాని కోపంలో మార్కండేయకు ఫోన్ చేసి అదే మాట అడిగేసింది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నవాళ్ళు. అతను మెత్తగా మాట్లాడాడు. హనుమంతమ్మ నా పేషెంట్, నా దగ్గరికి పంపించు, వైరు నేనే సరిచేస్తానన్నాడు.

బెంగుళూరులోనే తీయిస్తానని చెప్పి అశ్విని ఫోన్ కట్ చేసింది.

వైరు సరిచేయాలంటే ఆపరేషన్ చేయాలి. తన క్లినిక్‌లో థియేటర్ లేదు. బెంగుళూరులో తనకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఉన్నాడు. అక్కడ నలుగురి ముందు ఈ మెషిన్ తీసి, కొత్తది పెట్టించాలి. హనుమంతమ్మను కారెక్కించింది. ప్రోగ్రామర్‌నీ పక్కన పెట్టుకుంది.

హైవే మీద గంట ప్రయాణం అయ్యేసరికి స్కార్పియో కనిపించింది...

ధడేల్!

ఈసారి గుద్దుకు కారు రోడ్డు దిగిపోయింది. ఎదురుగా ఎండిపోయిన వంక! బ్రేక్ తొక్కింది. ఆగలేదు. కారు గట్టు మీది నుంచి జారి ముక్కు ఇసుకలో దిగబడింది.

ఇంజిన్ ఆగిపోయింది.

గట్టు మీద స్కార్పియో వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. తెల్ల చొక్కా మనిషి ఒకడు ఇసుకలోకి దూకాడు. చేతిలో రివాల్వర్.

అశ్విని తలుపు తోసుకుని బయటపడింది. మార్కండేయ డబ్బిచ్చి పంపిన రౌడీ అనుకుంది. దగ్గరికొచ్చాక ఆ ముఖం గుర్తుపట్టింది.

రాఘవేంద్ర.

శ్రీరంగప్ప కొడుకు!

ఆ రోజు ఆపరేషన్ థియేటర్ బయట నీళ్ళు కూడా తాగకుండా కూర్చున్న కొడుకు. నాయన ఇంటికి పోయేటప్పుడు ఆమె కాళ్ళకు మొక్కబోయిన కొడుకు.

"మా నాయనను చంపి యాడికి పోతాండావు?"

రివాల్వర్ ఆమె నుదుటికి సూటిగా ఉంది.

"రాఘవేంద్రా... నేనా?"

అతను ఆగకుండా మాట్లాడుతున్నాడు. నువ్వు పెట్టిన చవకబారు మెషిన్ ఫెయిలైందన్నాడు. జ్వరమని కొత్తచెరువు ఆస్పత్రిలో చేరిస్తే రాత్రికి రాత్రే నాయన పోయినాడన్నాడు. మార్కండేయ సార్ ఎంతో ప్రయత్నం చేసినాడని, ఆ పాడు మెషిన్‌ని తీసి కంపెనీకి పంపినాడని అన్నాడు. ఈరోజు నువ్వు సాక్ష్యాలన్నీ తీసుకుని రాష్ట్రం దాటిపోతున్నావని కూడా ఆయనే ఫోన్ చేసి చెప్పినాడన్నాడు.

నాలుగు నెలల కోపం అతని కళ్ళల్లో ఎర్రగా ఉంది.

అప్పుడు వెనక సీట్లో ఏదో దబ్బుమంది.

హనుమంతమ్మ!

తల వాలిపోయింది. కళ్ళు తేలిపోయాయి. అశ్విని రివాల్వర్‌కి వీపు తిప్పి కారులోకి దూరింది. మెడ దగ్గర నాడి చూసింది.

లేదు.

"కదిలితే కాలుస్తా!"

"కాల్చుకో. ఈమె బతికినాక కాల్చుకో."

కారు పడిన కుదుపుకు వైరు ఇంకా వదులైంది. ఆ వైరులో పుట్టే గజిబిజిని మెషిన్ గుండె చప్పుడనుకుంటోంది. గుండె తనంతట తానే కొట్టుకుంటోందని ఊరకుంటోంది. గుండె మాత్రం ఆగిపోయింది!

అశ్విని బ్యాగ్ బోర్లించింది. స్టెతస్కోప్... తాళాలు... గుండ్రటి అయస్కాంతం. పేస్‌మేకర్ పరీక్షలకు వాడేది. దాన్ని మెషిన్ మీద ఆనించితే మెషిన్ వినడం మానేస్తుంది. ఏ చప్పుడూ పట్టించుకోకుండా కరెంటు కొడుతూనే ఉంటుంది.

భుజం కింద అదిమి పెట్టింది.

ఏమీ లేదు.

ఎడమ చేతిని ఒంటికి దగ్గరగా నొక్కి, అయస్కాంతాన్ని కాస్త పక్కకు జరిపింది.

ఒకటి... మళ్ళీ ఒకటి...

వేలి కింద నాడి!

హనుమంతమ్మ గట్టిగా గాలి పీల్చింది. కళ్ళు తెరిచింది. అశ్విని ఆమె కుడి చేతిని తీసి అయస్కాంతం మీద పెట్టి, దీన్ని వదలొద్దని చెప్పింది.

వెనక్కి తిరిగింది. రాఘవేంద్ర రివాల్వర్ దించలేదు. కానీ చూపు హనుమంతమ్మ మీద ఉంది.

"కంపెనీకి పంపినారన్నావే, ఆ మెషిన్ ఈడుండాది. ఈమెలో."

"అబద్ధం."

"నువ్వు ఇంగ్లీషు చదివినోడివే గదా. నీ కండ్లతోనే చదువుకో."

ప్రోగ్రామర్ తెరిచింది. ముందు సీట్లో పెట్టి, బిళ్ళను హనుమంతమ్మ భుజం కింద, అయస్కాంతం పక్కనే ఆనించింది. స్క్రీన్ వెలిగింది. ఎండకు సరిగా కనిపించడం లేదు. రాఘవేంద్ర వంగాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పెదాలు కదిలాయి.

"శ్రీరంగప్ప..."

ఆ పేరు దగ్గరే ఉండిపోయాడు. అశ్విని మెల్లగా అడిగింది.

"ఫెయిలైన మెషిన్ ఈమెను నాలుగు నెలలుగా ఎట్లా బతికిస్తాంది రాఘవేంద్రా?"

అతను స్క్రీన్‌ని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

గట్టు మీద స్కార్పియో రెండో తలుపు తెరుచుకుంది. మార్కండేయ దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా. నల్ల కళ్ళద్దాలు. ఇంతసేపూ ఏసీలో కూర్చున్నాడు. షూల్లోకి ఇసుక పోకుండా చూసుకుంటూ కిందికి వస్తున్నాడు.

ఆమెతో మాటలేంటని రాఘవేంద్రను కసిరాడు. ఆ పేర్లూ గీతలూ కంప్యూటర్లో ఎవరైనా తయారు చేస్తారన్నాడు. ముసలామెను బండిలోకి ఎక్కించు, నేను తీసుకుపోతానన్నాడు.

రాఘవేంద్ర లేవలేదు. స్క్రీన్ మీదే చూపు.

"ఈ గీతలేంది మేడమ్?"

అశ్విని వేలు పెట్టి చూపించింది. ఇది మెషిన్ కొట్టిన దెబ్బ. ఇది మీ నాయన గుండె పలికింది. మళ్ళీ దెబ్బ. మళ్ళీ పలికింది. ఇక్కడ వైరు ఊడింది. ఇక్కడి దాకా ఆయన గుండె బాగానే పలికింది. జ్వరం తగ్గితే ఇంటికి పోయేవాడు.

 

"నేనే గదా ఆ రాత్రి బయట కూచోనుండింది..." రాఘవేంద్ర తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "తలుపు బయటే. నాయన ఒకసారి అరిచినాడు. మత్తు సూదికి అట్లా అరుస్తారులే అనిరి."

లేచి నిలబడ్డాడు. మార్కండేయ వైపు తిరిగాడు.

"సార్. కంపెనీకి పంపినా అంటివే."

"రాఘవా, ఎండలో నీ బుర్ర..."

"పంపినావా, లేదా?"

మార్కండేయ కళ్ళద్దాలు తీశాడు. తుడుచుకున్నాడు. ఒకసారి స్కార్పియో వైపు చూశాడు. అది దూరంగా ఉంది. రివాల్వర్ దగ్గరగా ఉంది. అయినా అతని గొంతులో భయం కన్నా విసుగే ఎక్కువగా వినిపించింది.

"డెబ్బై దాటిన ముసలాయనప్పా మీ నాయన. ఇంకెన్నాళ్ళు బతుకుతాడు? ఆ పొద్దుకు నాకు ఒక మెషిన్ కావాల్సి..."

ఢాం!

గాలిమరల వైపు నుంచి కొంగలు లేచాయి.

మార్కండేయ కూలబడ్డాడు. తొడ పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం చిమ్ముతోంది. ఇసుక తాగేస్తోంది.

అశ్విని కదల్లేదు.

కదలాలనిపించలేదు. శ్రీరంగప్ప అరుపు ఆమెకు వినిపిస్తోంది. తాను వినని అరుపు.

రాఘవేంద్ర రెండు అడుగులు ముందుకు వేశాడు. ఈసారి రివాల్వర్ ఛాతీకి గురిపెట్టాడు.

అప్పుడు పరుగెత్తింది!

మార్కండేయ మీద మోకాళ్ళ మీద పడి, తొడ మొదట్లో పిడికిలి దిగేసింది. బరువంతా వేసి అదిమింది. రక్తం మోచేతి దాకా వచ్చింది.

"అడ్డం లే మేడమ్."

"లేవను."

"వాడు మా నాయనను..."

"ఈ నోరు మూతపడిందంటే మీ నాయన మెషిన్ ఫెయిలై పోయినట్లే మిగిలిపోతాడు. నాకు ఈ నోరు కావాల. కోర్టులో, నీ ముందర, మీ నాయనను ఏం చేసినాడో ఈ నోటితోనే చెప్పాల!"

ఆమె అరుపుకు రాఘవేంద్ర చెయ్యి గాలిలో ఆగింది.

రివాల్వర్ ఇసుకలో పడింది.

అతనూ పడ్డాడు. మోకాళ్ళ మీద. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఏడుస్తున్నాడు.

అశ్వినికి ఓదార్చే తీరిక లేదు. చున్నీ లాగి తొడకు బిగించి కట్టింది. గుద్దుకు కారులోంచి ఇసుకలో పడిన స్పానర్‌ని ముడిలో దూర్చి మెలితిప్పింది. మార్కండేయ కేక పెట్టాడు. ఇంకో మెలిక తిప్పింది. అవసరం ఉండే తిప్పింది. అయినా ఆ కేక ఆమెకు బాధ అనిపించలేదు.

రక్తం తగ్గింది. ఆగలేదు. మనిషి బెంగుళూరు దాకా ఆగడు. అనంతపురం దాకా కూడా కష్టమే.

"రాఘవేంద్రా, లెయ్. బండి ఇటు దింపు. అవ్వనూ ఎక్కించు. ఇద్దరినీ తీసుకుపోదాం."

"యాడికి?"

"దగ్గర్లో థియేటరున్న ఆస్పత్రికి. కొత్తచెరువు. వీని ఆస్పత్రికే."

మార్కండేయ కళ్ళు పెద్దవయ్యాయి.

రక్తం అంటిన చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ మెత్తని గొంతు లేదు. విసుగు లేదు. ధర్మవరం పిల్లోడి మాట బయటికొచ్చింది.

"ఆడికొద్దు అశ్వినీ... నీకు దండం పెడతా. యాడికన్నా తీసుకుపో. ఆడికి మాత్రం వద్దు!"

కారు తలుపు దగ్గర నుంచి హనుమంతమ్మ చూస్తోంది. కుడి చెయ్యి భుజం కింద అయస్కాంతం మీద అలాగే ఉంది.

"ఎందుకొద్దంటాండావప్పా?" అని అడిగింది. "నన్ను ఆడికే గదా రమ్మంటివి."